హ్యాండిల్ తీసి మోటారు బిగించే ముందు



పోచంపల్లి అనగానే మనలో చాలామందికి ఇక్కత్ చీరలు, వినోబా భావే, భూదానం గుర్తొస్తాయి. అది యాదాద్రి భువనగిరి జిల్లా పోచంపల్లి. ఈ రోజు నేను మాట మొదలుపెట్టేది ఇంకో పోచంపల్లి నుంచి. తమిళనాడులో, కృష్ణగిరి జిల్లాలో, తాలూకా కేంద్రంగా ఉన్న ఊరు. చుట్టూ మామిడి తోటలు, కొబ్బరి తోటలు, వారానికోసారి పెద్ద సంత. ఇలాంటి ఊరి పక్కన 2,400 కోట్ల రూపాయలతో, 500 ఎకరాల్లో స్కూటర్ల ఫ్యాక్టరీ కడతామని 2020 డిసెంబరులో ఓలా సంస్థ తమిళనాడు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. మరుసటి ఏడాదే కట్టడం లేచింది. దాన్ని పూర్తిగా మహిళలే నడుపుతారని 2021లోనే సంస్థ ప్రకటించింది.

పోచంపల్లికి వాయవ్యంగా హోసూరు. తమిళనాడు ప్రభుత్వం 1971లో స్థాపించిన సిప్‌కాట్ అక్కడ పారిశ్రామికవాడ పెట్టాక ఆ ఊరి ముఖమే మారిపోయింది. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ అక్కణ్ణుంచే రోడ్డెక్కింది. అదే ఏడాది అశోక్ లేలాండ్ కొత్త ఫ్యాక్టరీ తెరిచింది. ఆ దశకంలోనే టైటాన్ గడియారాలూ వచ్చాయి. ఇప్పుడు టాటా ఎలక్ట్రానిక్స్ వాళ్ళు ఫోన్ల పైకవచాలను అక్కడే యంత్రాల మీద చెక్కుతున్నారు. ఈ పెద్ద ఫ్యాక్టరీల నీడన రేకుల షెడ్లలో జాబ్ వర్క్ చేసే చిన్న చిన్న వర్క్‌షాపులు ఎన్నో ఉన్నాయి. తమిళం, తెలుగు, కన్నడం మూడూ ఒకే షెడ్డులో వినిపిస్తాయి. తెలుగు ఇంట్లో పుట్టి, తమిళంలో బడి చదువు చదివి, కన్నడ సూపర్‌వైజరు దగ్గర పని చేసే కుర్రాళ్ళు ఆ ప్రాంతంలో కొత్తేమీ కాదు.

ఆ కుర్రాళ్ళ పని ఎలా ఉంటుందో చూడండి. యంత్రం తలుపు తెరుస్తారు. ముక్కను ఫిక్స్చర్‌లో బిగిస్తారు. తలుపు మూసి పచ్చ బటన్ నొక్కుతారు. యంత్రం తన పని చేసుకుపోతుంది. ఆగాక ముక్క తీసి, గాలి కొట్టి, గేజితో చూసి, పక్కన పెట్టి, ఇంకో ముక్క బిగిస్తారు. షిఫ్టంతా ఇదే. ప్రోగ్రాం ఎవరో రాస్తారు, ఆఫ్‌సెట్ ఇంకెవరో వేస్తారు, టూలు విరిగితే సెట్టర్ వస్తాడు. ఐదేళ్ళు ఆ యంత్రం ముందు నిలబడ్డవాడికి కూడా ఆ బల్ల ఎందుకు అంత కచ్చితంగా కదులుతుందో, ఒకవేళ తప్పుగా కదిలితే ఆ తప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకునే అవకాశం దొరకదు. ఫ్యాక్టరీలో యంత్రం ఆపి విప్పి చూస్తానంటే ఎవరూ ఒప్పుకోరు. అందులో వాళ్ళ తప్పూ లేదు, అక్కడ ప్రతి నిమిషానికీ లెక్క ఉంటుంది.

అందుకే ఇంట్లో, బల్ల మీద పెట్టుకునే చిన్న మిల్లింగ్ మెషీన్‌ని సొంతంగా సీఎన్సీగా మార్చుకోవడం గురించి చెప్పాలని వచ్చాను. డబ్బు సంపాదించడానికి ఇది దగ్గరి దారి అని నేను అనను. యంత్రం లోపలి గుట్టు తెలుసుకోవడానికి మాత్రం దీన్ని మించిన బడి నాకు కనిపించలేదు.

ముందుగా మిల్లింగ్ మెషీన్ అంటే ఏమిటో తెలియనివారి కోసం రెండు మాటలు. లేత్‌లో ముక్క తిరుగుతుంది, టూలు నిలబడి కోస్తుంది. మిల్లింగ్‌లో టూలు తిరుగుతుంది, ముక్క బల్ల మీద బిగించి ఉంటుంది, బల్ల కదులుతుంది. బల్ల ఎడమకూ కుడికీ కదిలితే అది ఎక్స్, ముందుకూ వెనక్కూ కదిలితే వై, తల పైకీ కిందికీ కదిలితే జెడ్. ఈ మూడు ఆక్సిస్‌లకూ మూడు హ్యాండిళ్ళు. హ్యాండిల్ తిప్పితే లోపలి స్క్రూ తిరుగుతుంది, స్క్రూ మీది నట్టు బల్లను లాగుతుంది. ఆ హ్యాండిళ్ళు తీసేసి వాటి చోట మోటార్లు బిగించి, ఆ మోటార్లను కంప్యూటరు తిప్పేలా చేస్తే సీఎన్సీ. చెప్పడానికి ఇంతే.

ఈ ఆలోచన పాతదే. అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కలు చేసేవాడు. వంపు తిరిగిన ఆ ఆకారాన్ని చేత్తో చెక్కడం కష్టమై, బిందువుల పట్టిక లెక్కగట్టి ఆ పట్టిక ప్రకారం యంత్రాన్ని నడపాలనుకున్నాడు. అమెరికా వైమానిక దళం డబ్బిచ్చింది. ఎంఐటీలోని సర్వోమెకానిజమ్స్ ప్రయోగశాల 1952లో ఒక సిన్సినాటి మిల్లింగ్ మెషీన్‌ని చిల్లుల కాగితపు టేపుతో నడిపి చూపించింది. దాని కంట్రోలు పెట్టెలో వందల వాక్యూమ్ ట్యూబులు. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ప్రపంచంలో మొదటి న్యూమరికల్ కంట్రోల్ యంత్రం కొత్తగా తయారుచేసింది కాదు, అప్పటికే ఉన్న మామూలు మిల్లింగ్ మెషీన్‌ని మార్చి చేసింది. మనం ఇంట్లో చేయబోయే పని ఆ వంశంలోదే. ఆ రోజుల్లో మన దేశంలో యంత్రాలు చేసే యంత్రాలే తక్కువ. సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్ 1943లో మొదలైంది, బెంగళూరులో హెచ్ఎంటీ 1953లో. ఈ రెండు పేర్లూ వినని పాతతరం ఫిట్టర్ దక్షిణాదిలో ఉండడు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ పని మొదలుపెట్టే కుర్రవాడు ముందుగా ఏం కొంటాడు? మోటార్లు, వాటిని నడిపే డ్రైవర్లు, కంట్రోలు బోర్డు. బెంగళూరు ఎస్పీ రోడ్డుకు బస్సెక్కితే ఒక్క పూటలో అన్నీ దొరుకుతాయి. రంగు రంగుల వైర్లు, వెలిగే దీపాలు. ఆ ఉత్సాహం నాకు అర్థమవుతుంది. అయినా అతని చేతికి మొదట ఇవ్వాల్సింది చిన్న కదలికనూ ముల్లుతో చూపే డయల్ గేజి అని గట్టిగా చెబుతాను. మోటారు బిగించడం ఈ పనిలో తేలిక భాగం. యంత్రంలోని ప్లే తీయడమే కష్టం, అదే ముఖ్యం.

ప్లే అంటే ఏమిటో మీరే చూడొచ్చు. మీ ఇంట్లో, లేదా వీధి చివర వెల్డింగ్ షాపులో, బెంచి వైస్ ఉంటుంది కదా. దాని హ్యాండిల్‌ని బిగించే వైపు తిప్పి, వెంటనే వదులు చేసే వైపు తిప్పండి. హ్యాండిల్ కొంత దూరం ఊరికే తిరుగుతుంది, దవడ కదలదు. స్క్రూ పళ్ళకూ నట్టు పళ్ళకూ మధ్య ఉన్న ఆ ఖాళీయే బ్యాక్‌లాష్. వైస్‌లో దానితో నష్టం లేదు. మిల్లింగ్ మెషీన్‌లో చేత్తో పని చేసేవాడికి కూడా పెద్ద నష్టం లేదు. అనుభవమున్న మెషినిస్టు ఎప్పుడూ ఒకే వైపు నుంచి కొలతకు వస్తాడు. దాటిపోతే బాగా వెనక్కి తిప్పి, మళ్ళీ అదే వైపు నుంచి వస్తాడు. ఆ జాగ్రత్త అతని చేతిలో ఉంది. మోటారుకు ఆ చెయ్యి లేదు. కంప్యూటరు పది మిల్లీమీటర్లు వెనక్కి రమ్మంటే మోటారు స్క్రూను సరిగ్గా పది మిల్లీమీటర్లకు సరిపడా తిప్పుతుంది. అందులో 0.2 మిల్లీమీటర్లు ఖాళీలోనే పోతే బల్ల 9.8 దగ్గరే ఆగుతుంది. కంప్యూటరు మాత్రం పది అయ్యిందనే నమ్ముతుంది.

దీన్ని కొలవడం సులువే. అయస్కాంతపు స్టాండుకు డయల్ గేజి తగిలించి, దాని మొనను బల్ల అంచుకు ఆనించండి. బల్లను ఒక వైపు తిప్పుతూ వచ్చి ఆపి, గేజిని సున్నాకు పెట్టండి. ఇప్పుడు హ్యాండిల్‌ని రెండో వైపు నెమ్మదిగా తిప్పండి. గేజి ముల్లు కదిలేలోపు హ్యాండిల్ మీది గీతలు ఎన్ని దాటాయో అంత బ్యాక్‌లాష్. ఎడమ చివర, నడుమ, కుడి చివర మూడు చోట్లా చూడాలి. బాగా వాడిన యంత్రంలో నడుమ ఎక్కువ, చివర్లలో తక్కువ ఉంటుంది. ఎందుకంటే పనంతా బల్ల నడుమే జరుగుతుంది, స్క్రూ అక్కడే అరుగుతుంది. సాఫ్ట్‌వేరులో ఒకే అంకె రాసి ఈ ప్లేని సరిచేసుకోవచ్చని కొందరంటారు. మూడు చోట్ల మూడు అంకెలున్నప్పుడు ఏ అంకె రాస్తారు? పైగా సాఫ్ట్‌వేరు స్క్రూని తిప్పగలదు గానీ బల్లను పట్టుకోలేదు. ఖాళీ ఉన్నంతసేపూ కోత బలానికి బల్ల ఆ ఖాళీలో ఊగుతూనే ఉంటుంది.

కోత దిశ సంగతి ఇక్కడే చెప్పాలి. ఎండ్ మిల్ అనే కోత టూలు తిరిగే దిశకు ఎదురుగా ముక్క వస్తే టూలు ముక్కను నెట్టేస్తుంది. ఆ తోపుడుకు నట్టు ఎప్పుడూ స్క్రూ పంటికి ఒక వైపే ఆనుకుని ఉంటుంది, ప్లే బయటపడదు. పాత మెషినిస్టులందరూ ఇలాగే కోసేవారు. ముక్క టూలు తిరిగే దిశలోనే వెళితే, దాన్నే క్లైంబ్ మిల్లింగ్ అంటారు, టూలు ముక్కను తన వైపు లాక్కుంటుంది. ప్లే ఉన్న యంత్రంలో బల్ల ఒక్కసారిగా ముందుకు దూకుతుంది, టూలు విరుగుతుంది. సీఎన్సీ ప్రోగ్రాములు సాధారణంగా క్లైంబ్ కోతనే రాస్తాయి, ఎందుకంటే నునుపు బాగా వస్తుంది. కాబట్టి ప్లే తీయని యంత్రానికి మోటార్లు బిగించినవాడు మొదటిరోజే ఎండ్ మిల్ పోగొట్టుకుంటాడు.

మరి ప్లే ఎలా తీయాలి? ముందు జిబ్ చూడండి. బల్ల కింద డవ్‌టెయిల్ గాడిలో ఒక పక్కన సన్నని పట్టీ ఉంటుంది, దాన్ని చిన్న స్క్రూలతో బిగిస్తారు. అది వదులైతే బల్ల పక్కకు ఊగుతుంది, బిగువైతే కదలదు. కిరోసిన్‌తో పాత గ్రీజు కడిగి, పట్టీ ముఖం చదును చేసి, స్లైడ్‌వే నూనె రాసి, కొంచెం కొంచెంగా బిగించుకోవాలి. చవక యంత్రాల్లో ఈ ఒక్క పనితోనే సగం రోగం పోతుంది. తర్వాత టూలును తిప్పే స్పిండిల్ బల్లకు నిటారుగా ఉందో లేదో చూడాలి. డయల్ గేజిని స్పిండిల్‌కే తగిలించి చేత్తో గుండ్రంగా తిప్పితే, బల్ల నాలుగు వైపులా ముల్లు ఒకే చోట నిలవాలి.

అప్పుడు స్క్రూ. మామూలు స్క్రూలో ఇనుము మీద ఇత్తడి జారుతుంది. బాల్ స్క్రూలో ఉక్కు గుండ్లు దొర్లుతాయి. జారే స్క్రూలో మోటారు పెట్టే బలంలో సగానికి పైగా రాపిడికే పోతుంది. దొర్లే స్క్రూలో దాదాపు 90 శాతం పనికి వస్తుంది. పదహారు మిల్లీమీటర్ల లావు, చుట్టుకు ఐదు మిల్లీమీటర్లు కదిపే రకం ఇలాంటి యంత్రాలకు బాగా సరిపోతుంది. బజార్లో దొరికే మామూలు తరగతి, సీ-7 అంటారు, 300 మిల్లీమీటర్ల పొడవుకు 0.05 మిల్లీమీటర్ల వరకూ తేడా ఉండొచ్చు. ఇంటి పనికి అది చాలు. స్క్రూ ఒక్కటే కొంటే మాత్రం చాలదు. స్క్రూ చివర బేరింగులు అటూ ఇటూ కదలకుండా పట్టుకోవాలి, అంటే ఎదురెదురుగా బిగించిన యాంగులర్ కాంటాక్ట్ బేరింగులు కావాలి. మంచి బాల్ స్క్రూ తెచ్చి మామూలు బేరింగులో పెడితే ప్లే నట్టు దగ్గర పోయి బేరింగు దగ్గర తేలుతుంది. బాల్ నట్టు పాత నట్టు కంటే లావు కాబట్టి చిన్న యంత్రాల్లో బల్లను మోసే శాడిల్ లోపల కొంత చెక్కి చోటు చేయాలి. అలా చెక్కడానికి ఇంకో మిల్లింగ్ మెషీన్ కావాలి. హోసూరులో ఉండే లాభం ఇదే. పరిచయమున్న వర్క్‌షాపులో ఆదివారం పూట అరగంట పని చేయించుకోవచ్చు.

జెడ్ విషయంలో ఒక హెచ్చరిక. మామూలు స్క్రూ కరెంటు పోయినా తలను ఉన్నచోటే నిలబెడుతుంది, రాపిడే దానికి బ్రేకు. బాల్ స్క్రూకు ఆ రాపిడి లేదు. కరెంటు పోగానే బరువైన తల మెల్లగానో గబుక్కునో కిందికి జారి, టూలు ముక్కలోకి దిగిపోతుంది. చెయ్యి కింద ఉంటే చెయ్యి. బరువుకు సరిపడా ఎదురు బరువు కట్టడమో, గ్యాస్ స్ప్రింగు పెట్టడమో, బ్రేకు ఉన్న మోటారు వాడడమో తప్పనిసరి. వేసవిలో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని మన ఊళ్ళలో దీన్ని అశ్రద్ధ చేయకూడదు.

ఇంత చేశాక మోటార్ల దగ్గరికి రావచ్చు. ఇంటి పనికి స్టెప్పర్ మోటారు వాడతారు. అది చుట్టుకు 200 అడుగులు వేస్తుంది, అడుగుకు 1.8 డిగ్రీలు. ఐదు మిల్లీమీటర్ల స్క్రూకు తగిలిస్తే అడుగుకు బల్ల 0.025 మిల్లీమీటర్లు కదులుతుంది. డ్రైవరు ఆ అడుగును ఎనిమిది ముక్కలు చేస్తే చుట్టుకు 1,600 పల్సులు, మిల్లీమీటరుకు 320. కాగితం మీద ఇది మూడు మైక్రాన్ల కచ్చితత్వంలా కనిపిస్తుంది. ఆ అంకెను నమ్మకండి. ముక్కలు చేసిన అడుగుల మధ్య మోటారు బలం తక్కువ, రాపిడి ఎక్కువైతే అది ఆ చిన్న అడుగు వేయకుండానే ఊరుకుంటుంది. ముక్కలు చేయడం వల్ల నడక నునుపవుతుంది, దాన్ని అంతవరకే లెక్కలోకి తీసుకోవాలి.

స్టెప్పర్‌కు కళ్ళు లేవు. కంట్రోలరు పల్సు పంపుతుంది, మోటారు కదిలిందో లేదో అడగదు. టూలు మొద్దుబారి మోటారు ఒక్క క్షణం ఆగితే అడుగులు తప్పుతాయి, అక్కణ్ణుంచి పనంతా పక్కకు జరిగిపోతుంది. హోసూరు ఫ్యాక్టరీల్లోని పెద్ద యంత్రాలకు సర్వో మోటార్లుంటాయి. వాటికి కదలికను కొలిచే ఎన్‌కోడరు ఉంటుంది, తప్పితే వెంటనే అలారం మోగి ఆగిపోతాయి. ఎన్‌కోడరు ఉన్న స్టెప్పర్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి, స్తోమత ఉంటే అవి మేలు. మోటారు వేగం పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది. ఎక్కువ ఓల్టేజి పవర్ సప్లై పెడితే ఆ తగ్గుదల ఆలస్యమవుతుంది, అందుకే 24 ఓల్టుల కంటే 48 ఓల్టులు నయం, డ్రైవరు తట్టుకోగలిగితే.

ఇంతకీ ఎంత వేగం కావాలి? ఇక్కడ చాలామంది అనవసరంగా డబ్బు పోస్తారు. లెక్క వేద్దాం. చిన్న మిల్లింగ్ మెషీన్ స్పిండిల్ నిమిషానికి 2,500 చుట్లు తిరుగుతుందనుకుందాం. రెండు పళ్ళ ఆరు మిల్లీమీటర్ల ఎండ్ మిల్, అల్యూమినియం ముక్క. పంటికి 0.03 మిల్లీమీటర్లు తీస్తే నిమిషానికి 150 మిల్లీమీటర్ల ఫీడ్, అంటే కోతలో బల్ల కదిలే వేగం. అంతే. సెకనుకు రెండున్నర మిల్లీమీటర్లు. కోతకు అక్కర్లేని వేగం కోసం పెద్ద మోటార్లు కొనేకంటే ఆ డబ్బుతో మంచి బేరింగులు, పదునైన కార్బైడ్ టూళ్ళు, ఒక ఎమర్జెన్సీ స్టాప్ కొనుక్కోవడం తెలివైన పని.

నడిపించే సాఫ్ట్‌వేరు దాదాపు ఉచితమే. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 1990ల్లో రాయించిన కంట్రోల్ ప్రోగ్రామే ఈనాడు లినక్స్‌సీఎన్సీ పేరుతో ఎవరైనా దింపుకోగల రూపంలో ఉంది. పాత డెస్క్‌టాప్ కంప్యూటరు చాలు. ఇంకా చిన్నగా కావాలంటే, నార్వేకు చెందిన సిమెన్ స్వాలె స్కోగ్‌స్రూడ్ 2009లో రాసిన గర్బుల్ ఉంది. అది ఆర్డుయినో అనే అరచేతి బోర్డు మీద నడుస్తుంది, సెకనుకు 30 వేల పల్సుల దాకా పంపగలదు. మన యంత్రం నిమిషానికి ఒకటిన్నర మీటర్లు పరిగెత్తినా సెకనుకు 8 వేల పల్సులే కావాలి.

రెండూ అర్థం చేసుకునేది జీ-కోడే. జీ-జీరో అంటే గబగబా వెళ్ళు, జీ-వన్ అంటే కోస్తూ తిన్నగా వెళ్ళు, జీ-టూ, జీ-త్రీ అంటే వంపుగా వెళ్ళు, ఎమ్-త్రీ అంటే స్పిండిల్ తిప్పు. హోసూరు షెడ్లలో జపాను కంట్రోలుతో నడిచే లక్షల రూపాయల వీఎంసీ, అంటే నిలువు స్పిండిల్ ఉన్న పెద్ద సీఎన్సీ మిల్లింగ్ యంత్రం, మాట్లాడే భాష కూడా మూలంలో ఇదే. ఇంట్లో తన చేతులతో ఆక్సిస్‌ను సున్నా చేసుకుని, ముక్క సున్నా ఎక్కడో యంత్రానికి చెప్పే జీ-54 ఆఫ్‌సెట్ ఎందుకు వేయాలో తెలుసుకున్న అమ్మాయి ఫ్యాక్టరీలో పచ్చ బటన్ దగ్గర ఆగిపోదు. సెట్టరు రాకముందే ఏం తప్పు జరిగిందో చెబుతుంది. నాకు ఈ పని మీద ఇంత పట్టుదల ఉండటానికి కారణం అదే.

యంత్రం సిద్ధమయ్యాక మొదటి పరీక్షగా గుండ్రటి రంధ్రం చెక్కమంటాను. నలభై మిల్లీమీటర్ల వలయం, అల్యూమినియం పలకలో. గడియారంలో మూడు, పన్నెండు, తొమ్మిది, ఆరు అంకెలుండే చోట్లను వేలితో తడమండి. మూడు దగ్గర ఎక్స్ తన దిశ మార్చుకుంటుంది, పన్నెండు దగ్గర వై. దిశ మార్చుకునే చోటే ప్లే బయటపడుతుంది. స్క్రూ ఖాళీలో తిరుగుతున్నంతసేపు ఆ ఆక్సిస్ ఆగి ఉంటుంది, రెండోది నడుస్తూ ఉంటుంది, అక్కడ చిన్న చదునో గట్టో ఏర్పడుతుంది. ఎక్స్ చోట్ల మాత్రమే ఉంటే ఎక్స్ స్క్రూ చూడండి, వై చోట్ల ఉంటే వై. వలయం కోడిగుడ్డులా ఏటవాలుగా సాగితే రెండు ఆక్సిస్‌లు ఒకదానికొకటి లంబంగా లేవు. ఏ పుస్తకమూ చెప్పనంత స్పష్టంగా ఆ ఒక్క రంధ్రం మీ యంత్రం సంగతంతా చెబుతుంది.

ఇదంతా ఇంజనీరింగ్ చదివినవాళ్ళకే గానీ మనకెక్కడ అనుకునేవారికి మొదట చెప్పిన ఇక్కత్ పోచంపల్లి వైపు చూపిస్తాను. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు చిన్నప్పుడే బడి మానేసి మగ్గం పనిలో దిగినవారు. పోచంపల్లి చీర నూలుకు రంగులద్దే ముందు ఆసు పోయాలి. గూటాల మీద అటూ ఇటూ పోగు తిప్పుతూ, ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి చాచాలి. వాళ్ళమ్మ లక్ష్మి గారికి భుజం నొప్పులు. ఆ నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టి 1999కి ఆసు యంత్రం చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. తర్వాత దానికి ఎలక్ట్రానిక్ కంట్రోలూ జోడించారు. 2017లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. ఆ క్రమాన్ని చూడండి. ముందు చెయ్యి ఎలా కదులుతుందో పట్టుకున్నారు, తర్వాత ఇనుముతో ఆ కదలిక సాధించారు, ఎలక్ట్రానిక్స్ ఆ తర్వాతే వచ్చింది. మిల్లింగ్ మెషీన్ మార్చేవాడు కూడా అదే వరుసలో వెళ్ళాలి.

జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాను. ఎమర్జెన్సీ స్టాప్ సాఫ్ట్‌వేరును అడిగేదిగా ఉండకూడదు, కాంటాక్టరు ద్వారా మోటార్లకూ స్పిండిల్‌కూ కరెంటే తెంపాలి. సరైన ఎర్త్ లేని ఇంట్లో ఈ యంత్రం పెట్టకండి. డ్రైవర్ల పెట్టెలోకి రజను పోకుండా మూత, జల్లెడ ఉన్న ఫ్యాను ఉండాలి. లోహపు పొడి సర్క్యూట్ల మీద పడితే అంతే సంగతులు. కళ్ళద్దాలు పెట్టుకోవాలి. తిరిగే టూలు దగ్గర చేతికి గ్లవ్స్ వేయొద్దు, లుంగీ, చున్నీ, వదులు చొక్కా వద్దు. స్టెప్పర్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే కంగారుపడొద్దు, చాలావాటికి అది మామూలే. కొత్త ప్రోగ్రాం ఏదైనా ముక్క లేకుండా గాలిలో ఒకసారి నడిపి చూశాకే కోతకు దించండి.

ఇక దీనితో ఏం చేయవచ్చు, ఏం చేయలేం? ఫ్యాక్టరీ వీఎంసీ టన్నుల బరువుంటుంది. ఇంటి యంత్రం ఇద్దరు ఎత్తి బల్ల మీద పెట్టేంత బరువు. ఆ బరువు తేడాయే కోతలో తేడా. ఉక్కును లోతుగా కోస్తే ఇది వణుకుతుంది. అల్యూమినియం, ఇత్తడి, నైలాన్ ముక్కలు బాగా చేస్తుంది. డ్రిల్లింగ్ జిగ్గులు, చిన్న ఫిక్స్చర్లు, నేమ్‌ప్లేట్లు, చిన్న అచ్చులు, పాత యంత్రాలకు దొరకని విడిభాగాలు చేసుకోవచ్చు. పెద్ద ఫ్యాక్టరీకి వందలకొద్దీ ముక్కలు సప్లై చేద్దామని అప్పు చేసి దీన్ని కొనవద్దు. ఆ పనికి ఇది సరిపోదు, నిలబడదు.

చివరగా ఒక విన్నపం. హోసూరు, కృష్ణగిరిలోనే కాదు, మన తెలుగు రాష్ట్రాల్లోనూ ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌ల్లో పాత మిల్లింగ్ మెషీన్లు మూలన దుమ్ముపట్టి ఉన్నాయి. దిట్టమైన మంచి పోత ఇనుము వాటిది, ఇప్పటి చవక యంత్రాల్లో దొరకనిది. వాటిని పాత ఇనుముకు వేలం వేయకండి. బోధకులు ఒక యంత్రాన్ని ఎంచుకుని, పదిమంది పిల్లలకు అప్పగించి, ఒక విద్యాసంవత్సరంలో సీఎన్సీగా మార్చమని చెప్పండి. జిబ్ చదును చేయడం దగ్గర్నుంచి జీ-కోడ్ రాయడం దాకా వాళ్ళ చేతులతోనే జరగనివ్వండి. ఫిట్టరు ట్రేడు వాళ్ళనూ ఎలక్ట్రానిక్స్ ట్రేడు వాళ్ళనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఆడపిల్లలకు నోటు పుస్తకం ఇచ్చి పక్కన నిలబెట్టకండి, స్పానరు ఇవ్వండి. ఖర్చు ఎక్కడ తగ్గించాలన్నా తగ్గించండి గానీ, డయల్ గేజి మాత్రం మంచిది కొనండి, అదీ మొట్టమొదట కొనండి.